ఇంట్లో బీరు కాయడానికి 240 వోల్టుల ఎలిమెంట్: అమెరికాలో సురక్షితంగా వైరింగ్ చేసే పద్ధతి

ప్రొపేన్ బర్నర్ మానేసి కరెంటుకి మారదామనుకునే తెలుగువాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవి మూడే ప్రశ్నలు. బట్టల డ్రయర్ సాకెట్‌లో పెట్టేయొచ్చా? నల్ల వైరు న్యూట్రలే కదా? కంట్రోలర్‌లో ఆఫ్ నొక్కితే కెటిల్‌లో కరెంటు లేనట్టే కదా? మొదటిదానికి జవాబు సాకెట్‌ని బట్టి ఉంటుంది. మిగతా రెండింటికీ జవాబు "కాదు". ఆ రెండు చోట్లే ప్రాణాపాయం ఉంది.

ఇక్కడ చెప్పే సెటప్ ఒకటే: 10 గ్యాలన్ల స్టీల్ కెటిల్, 240 వోల్టుల మీద 5500 వాట్ల ఎలిమెంట్ ఒకటి, ఒక కంట్రోల్ ప్యానెల్. అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారం ఒక్కరే పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉంటే 200 గ్యాలన్ల వరకు సొంత వాడకానికి కాచుకోవచ్చు, అమ్మకూడదు. ఆంధ్ర, తెలంగాణల్లో అబ్కారీ అనుమతి లేకుండా ఇంట్లో బీరు కాయడం నేరం. కాబట్టి ఇది అక్కడివాళ్ల కోసం రాసింది కాదు.

## 1. ఇండియా అలవాట్లలో ఏవి వదలాలి

మన ఊళ్లో 230 వోల్టులంటే ఒక ఫేజ్, ఒక న్యూట్రల్. స్విచ్ ఫేజ్‌ని కట్ చేస్తే గీజర్ చల్లబడుతుంది, లోపలి వైరు కూడా చచ్చినట్టే. అమెరికా 240 వోల్టుల లైను అలా ఉండదు. రెండు వైర్లూ హాట్ వైర్లే. ఒక్కోదానికీ నేలతో పోలిస్తే 120 వోల్టులుంటాయి, ఆ రెండింటి మధ్య 240. ఊరినుంచి తెచ్చుకున్న నియాన్ టెస్టర్ పెడితే రెండు చోట్లా వెలుగుతుంది.

అంటే ఒక్క వైరు కట్ చేస్తే ఎలిమెంట్ వేడెక్కడం ఆగుతుంది గానీ, రెండో వైరు ద్వారా 120 వోల్టులు ఎలిమెంట్ దాకా వచ్చి నిలబడే ఉంటాయి. ఎలిమెంట్ పైపొరకి పగులుంటే ఆ కరెంటు వోర్ట్‌లోకి (బీరుగా పులియకముందు ఉండే మాల్ట్ ద్రవంలోకి) వస్తుంది. కింద చెప్పిన పని చాలావరకు ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది: ఆపినప్పుడు రెండు వైర్లూ కట్ కావాలి.

రంగుల సంగతి కూడా అంతే ముఖ్యం. మన పాత వైరింగ్‌లో ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. అమెరికాలో నలుపు హాట్, ఎరుపు కూడా హాట్, తెలుపు న్యూట్రల్, ఆకుపచ్చ లేదా ఒట్టి రాగి తీగ గ్రౌండ్. నల్ల వైరు చూసి చెయ్యి దానంతట అదే నిర్భయంగా ముందుకెళుతుంది. అందుకే రంగు చూసి కాదు, మీటరు పెట్టి చూసి ముట్టుకోవాలి. పాత ఇళ్లలో తెల్ల వైరునే రెండో హాట్‌గా వాడి, నల్ల టేపు చుట్టకుండా వదిలేసిన చోట్లు కూడా కనిపిస్తాయి.

## 2. సామాను కొనకముందు లెక్క

5500 వాట్లను 240తో భాగిస్తే 22.9 ఆంపులు. మూడు గంటలు, అంతకంటే ఎక్కువ సేపు ఆగకుండా నడిచే లోడును బ్రేకర్ సామర్థ్యంలో 80 శాతం లోపే ఉంచాలని అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ లెక్క. 30 ఆంపుల బ్రేకర్‌కి అది 24 ఆంపులు. అందులో 22.9 సరిపోతుంది. 30 ఆంపుల లైనుకి ఒక 5500 వాట్ల ఎలిమెంట్ అని అందరూ చెప్పేది ఇందుకే. రెండో ఎలిమెంట్ పెట్టి రెండూ ఒకేసారి నడపాలంటే ఈ లైను చాలదు.

వైరు 10 గేజ్ రాగి. 12 గేజ్ 20 ఆంపులకే, 14 గేజ్ 15 ఆంపులకే. గేజ్ నంబరు పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది, పొరపడొద్దు.

వేడికి ఎంత సేపు పడుతుంది? 30 లీటర్ల నీటిని 20 డిగ్రీల సెల్సియస్ నుంచి 72కి తేవడానికి 5500 వాట్లతో దాదాపు 20 నిమిషాలు. అదే 1500 వాట్లతో 70 నిమిషాలు దాటుతుంది. ఇవి నష్టాలు కలపని లెక్కలు, నిజానికి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. మరుగుతున్నప్పుడు గంటకి ఒక గ్యాలన్ ఆవిరి కావడానికి దాదాపు 2400 వాట్లు, దానికి తోడు కెటిల్ ఒంటి నుంచి పోయే వేడి. కాబట్టి మరిగాక 5500ని సగానికి కాస్త పైన నడిపితే చాలు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఇంకో విషయం. కొన్ని పెద్ద భవనాల్లో 240 బదులు 208 వోల్టులు వస్తాయి. అక్కడ ఇదే ఎలిమెంట్ 4100 వాట్ల చిల్లరే ఇస్తుంది. ప్రమాదం ఏమీ లేదు, నెమ్మదిగా మరుగుతుందంతే. అద్దె ఇంట్లో గోడలోని వైరింగ్ ముట్టుకునే హక్కు ఎలాగూ మీకు లేదు. అలాంటి చోట 120 వోల్టుల మీద నడిచే, యూఎల్ గుర్తున్న (భద్రతా పరీక్ష దాటిన) రెడీమేడ్ మెషీన్ కొనుక్కోవడం మేలు.

## 3. గోడ వైపు పని: ఎలక్ట్రీషియన్‌ది

ఇక్కడ నా మాట కాస్త కటువుగానే ఉంటుంది. మెయిన్ ప్యానెల్ నుంచి సాకెట్ దాకా లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. మెయిన్ బ్రేకర్ ఆపినా, వీధి నుంచి వచ్చే లావు వైర్లలో, అవి బిగించిన లగ్గుల్లో కరెంటు ఉంటూనే ఉంటుంది. పర్మిట్, ఇన్‌స్పెక్షన్ మీ ఊరి నిబంధనల ప్రకారం ఉండాలి. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది దాన్నే.

అతనికి ఇలా చెప్పండి:

- 30 ఆంపుల, రెండు పోల్‌ల (రెండు హాట్‌లనూ ఒకేసారి కట్ చేసే) జీఎఫ్‌సీఐ బ్రేకర్ కావాలి. మీ మెయిన్ ప్యానెల్‌కి ఆమోదించిన రకమే పెట్టాలి. ఇంకో కంపెనీ బ్రేకర్ పట్టినట్టే కనిపించినా పెట్టకూడదు.
- 10 గేజ్ రాగి వైరు, ప్రత్యేకమైన లైను. దాని మీద ఇంకేమీ ఉండకూడదు.
- చివర ఎల్6-30 సాకెట్. ఇందులో రెండు హాట్‌లు, ఒక గ్రౌండ్. తిప్పితే లాక్ అవుతుంది కాబట్టి కాలు తగిలినా ప్లగ్ ఊడదు.

జీఎఫ్‌సీఐ గురించి రెండు ముక్కలు. వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ 5 మిల్లీ ఆంపుల తేడా వస్తే అది కట్ చేస్తుంది. మామూలు బ్రేకర్‌కి 30 ఆంపులు దాటితేగానీ కదలిక ఉండదు. మనిషిని చంపడానికి ఒక ఆంపులో పదో వంతు చాలు. నీళ్లు, స్టీలు, కరెంటు కలిసే చోట జీఎఫ్‌సీఐ లేకుండా మిగతా వైరింగ్ ఎంత బాగా చేసినా లాభం లేదు. అలాగని అది దేవుడూ కాదు. ఒక చేత్తో ఒక హాట్, రెండో చేత్తో ఇంకో హాట్ పట్టుకుంటే, మిమ్మల్ని కూడా ఒక ఎలిమెంట్ అనుకుని ఊరుకుంటుంది.

డ్రయర్ సాకెట్ వాడుకోవచ్చా? నాలుగు చీలికల 14-30 అయితే వాడుకోవచ్చు. అందులో న్యూట్రల్, గ్రౌండ్ వేర్వేరుగా ఉంటాయి. మనకి న్యూట్రల్ అక్కర్లేదు, ప్లగ్‌లో ఆ పిన్ ఖాళీగా వదిలేయాలి. బ్రేకర్ మాత్రం జీఎఫ్‌సీఐ రకానికి మార్పించాలి. మూడు చీలికల పాత 10-30 అయితే వద్దు. మన మూడు పిన్నుల ప్లగ్ అలవాటుతో మూడోది ఎర్త్ అనుకుంటాం. అది న్యూట్రల్, ఆ సాకెట్‌లో గ్రౌండే ఉండదు. కెటిల్‌ని దానికి కలిపారంటే, ఎక్కడో ఆ న్యూట్రల్ తెగిన రోజున కెటిల్ ఒంటికి కరెంటు వస్తుంది.

వంట స్టవ్‌ల 14-50 సాకెట్ 50 ఆంపులది. దాని వెనక మన 10 గేజ్ వైరు నేరుగా పెడితే, వైరు కాలుతున్నా బ్రేకర్ పడదు. మధ్యలో 30 ఆంపుల బ్రేకర్ ఉండాలి.

మీ మెయిన్ ప్యానెల్‌కి జీఎఫ్‌సీఐ బ్రేకర్ దొరక్కపోతే హాట్‌టబ్‌లకి వాడే స్పా ప్యానెల్ మధ్యలో పెట్టిస్తారు. అందులో సాధారణంగా 50 ఆంపుల బ్రేకర్ వస్తుంది, పైన చెప్పిన జాగ్రత్తే దీనికీ వర్తిస్తుంది. బ్రేకర్‌కి ఉండే చుట్టల తెల్ల వైరు న్యూట్రల్ బార్‌కి వెళ్లాలి. ఆ డబ్బాలో న్యూట్రల్‌నీ గ్రౌండ్‌నీ కలపకూడదు.

## 4. సామాను జాబితా

న్యూట్రల్ అవసరం లేకుండా కంట్రోల్ ప్యానెల్ మొత్తం 240 మీదే నడిచేలా కొనడం నా సలహా. చాలా పీఐడీలు (ఉష్ణోగ్రత చూసుకుంటూ ఎలిమెంట్‌ని నడిపే కంట్రోలర్లు) 100 నుంచి 240 దాకా ఏ వోల్టేజీ మీదైనా నడుస్తాయి. అలా చేస్తే సగం గందరగోళం తగ్గుతుంది. 120 వోల్టుల పంపు ఉంటే దాన్ని ఈ ప్యానెల్‌లో కలపకుండా, జీఎఫ్‌సీఐ ఉన్న వేరే సాకెట్‌లో పెట్టుకోండి.

- 5500 వాట్ల, 240 వోల్టుల, అల్ట్రా లో వాట్ డెన్సిటీ ఎలిమెంట్. మడతలు తిరిగిన పొడవాటి రకం. వేడి ఎక్కువ మేర పరుచుకుంటుంది కాబట్టి వోర్ట్ మాడదు.
- పీఐడీ కంట్రోలర్, ఎస్‌ఎస్‌ఆర్ (కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ రిలే) అవుట్‌పుట్ ఉన్నది, చేతితో శాతం పెట్టుకునే మోడ్ కూడా ఉండాలి. పీటీ100 ఉష్ణోగ్రత సెన్సర్.
- 40 ఆంపుల ఎస్‌ఎస్‌ఆర్, దానికి తగ్గ హీట్ సింక్, థర్మల్ పేస్ట్.
- రెండు పోల్‌ల కాంటాక్టర్ (కాయిల్‌కి కరెంటు ఇస్తేనే రెండు హాట్‌లనూ కలిపే పెద్ద రిలే), పోల్‌కి కనీసం 30 ఆంపులు, కాయిల్ 240 వోల్టులు.
- తాళంచెవి స్విచ్, పుట్టగొడుగు ఆకారపు ఎమర్జెన్సీ స్టాప్ బటన్, 240 వోల్టుల ఇండికేటర్ లైట్. మూడూ 240కి రేటింగ్ ఉన్నవే.
- 2 ఆంపుల ఫ్యూజులు రెండు, హోల్డర్లతో.
- ఎల్6-30 ఇన్‌లెట్ ఒకటి, అవుట్‌లెట్ ఒకటి, కేబుళ్లకి ప్లగ్గులు, కనెక్టర్లు.
- రబ్బరు తొడుగు 10/3 కేబుల్, ఎస్‌ఓఓడబ్ల్యూ లేదా ఎస్‌జేఓఓడబ్ల్యూ రకం. ప్యానెల్ లోపలికి 10 గేజ్ పోగుల వైరు, కంట్రోల్‌కి 18 గేజ్.
- నీళ్లు చిమ్మినా లోపలికి పోని డబ్బా, కేబుల్ గ్రిప్పులు, రింగ్ టెర్మినళ్లు, ఫెర్రూల్స్ (పోగుల చివర తొడిగి నొక్కే చిన్న గొట్టాలు), రాచెట్ క్రింపర్, మల్టీమీటరు.

కాంటాక్టర్ కొనేటప్పుడు కళ్లు పెట్టి చూడాలి. ఏసీ రిపేర్ షాపుల్లో చవగ్గా దొరికే వాటిలో చాలావాటికి ఒకే పోల్ ఉంటుంది, రెండో వైపు ఒట్టి రాగి పట్టీ. పైనుంచి చూస్తే రెండు వైపులా స్క్రూలుంటాయి, అచ్చం రెండు పోల్‌ల దానిలాగే కనిపిస్తుంది. కానీ ఆఫ్‌లో కూడా ఒక హాట్ నేరుగా వెళ్లిపోతుంది. మనం తప్పించుకోవాలనుకున్నది సరిగ్గా అదే. చేతిలోకి తీసుకుని, కాయిల్‌కి కరెంటు లేనప్పుడు రెండు వైపులా కంటిన్యుటీ చూడండి. ఎక్కడా బీప్ రాకూడదు.

ఎస్‌ఎస్‌ఆర్ ఒక్కటే చాలదా, కాంటాక్టర్ ఎందుకు అని అడుగుతారు. ఎస్‌ఎస్‌ఆర్ చెడిపోయేటప్పుడు చాలాసార్లు ఆన్‌లోనే ఇరుక్కుపోతుంది. పైగా అది ఒక్క వైరునే కట్ చేస్తుంది. కాబట్టి దాన్ని ఉష్ణోగ్రత సర్దడానికి వాడాలి తప్ప స్విచ్‌గా నమ్మకూడదు.

## 5. ఎలిమెంట్‌ని కెటిల్‌కి బిగించడం

రెండు దారులున్నాయి. ఒకటి, వాటర్ హీటర్ ఎలిమెంట్ కొని, కెటిల్‌కి రంధ్రం చేసి, వెనక టెర్మినళ్లకి మీరే డబ్బా కట్టడం. రెండోది, ట్రై-క్లాంప్‌తో బిగేసే స్టెయిన్‌లెస్ ఎలిమెంట్, వెనక ఎల్6-30 ప్లగ్ ముందే అమర్చినది. డబ్బు కొంచెం ఎక్కువైనా రెండోదే కొనండి. మొదటి దారిలో టెర్మినళ్ల దగ్గరికి నీరు పోకుండా ఆపడం, బేస్ తుప్పు పట్టడం, గ్రౌండ్ వైరు ఎక్కడ బిగించాలో తెలియకపోవడం, అన్నీ తలనొప్పులే.

1. రంధ్రం వీలైనంత కిందకి, కానీ ఎలిమెంట్ అడుగుకి తగలకుండా. కెటిల్ సగమే నిండినా ఎలిమెంట్ మునిగి ఉండాలి.
2. గాస్కెట్ సిలికాన్‌ది వాడండి. క్లాంప్‌ని చేత్తో గట్టిగా బిగిస్తే చాలు.
3. కెటిల్‌ని నీటితో నింపి, కరెంటు లేకుండా ఒక రాత్రి వదిలేయండి. పొద్దున టిష్యూ కాగితంతో వెనక వైపు తుడవండి. కాగితం తడిస్తే గాస్కెట్ మార్చాలి. సీలెంట్ పూసి సర్దేయొద్దు.
4. ఎలిమెంట్ వెనక కప్పు విప్పి చూడండి. ప్లగ్‌లోని గ్రౌండ్ పిన్ నుంచి వైరు ఎలిమెంట్ లోహపు బేస్‌కి స్క్రూతో బిగించి ఉండాలి. చవక రకాల్లో ఈ వైరు వదులుగా ఉన్నవీ, అసలు లేనివీ వస్తుంటాయి.

## 6. ప్యానెల్ వైరింగ్, వరుస క్రమంలో

ఈ పని మొత్తం ప్లగ్ పీకేసి, టేబుల్ మీద చేయాలి. గోడకి బిగించాక కాదు. ముందు అన్ని భాగాలనూ పలక మీద వైర్లు లేకుండా అమర్చి చూసుకోండి. ఎస్‌ఎస్‌ఆర్ హీట్ సింక్ రెక్కలు డబ్బా బయటికి, నిలువుగా ఉండాలి. 23 ఆంపుల దగ్గర ఎస్‌ఎస్‌ఆర్ పాతిక వాట్లకి పైగా వేడి వదులుతుంది. మూసిన డబ్బాలో ఆ వేడి దాన్నే చంపుతుంది.

6.1 గ్రౌండ్ మొదట. ఇన్‌లెట్ గ్రౌండ్ నుంచి డబ్బాలోని గ్రౌండ్ బార్‌కి 10 గేజ్ ఆకుపచ్చ వైరు. అక్కడినుంచి అవుట్‌లెట్ గ్రౌండ్‌కి ఒకటి, డబ్బా ఒంటికి ఒకటి, తలుపుకి ఒకటి, హీట్ సింక్‌కి ఒకటి. డబ్బా లోహానిదైతే స్క్రూ కింద పెయింట్ గీకి, పళ్లున్న వాషర్ వేయాలి. పెయింట్ మీద బిగించిన గ్రౌండ్ కంటికి మాత్రమే గ్రౌండ్. ఈ దారిలో ఎక్కడా స్విచ్ గానీ ఫ్యూజ్ గానీ ఉండకూడదు.

6.2 పవర్ దారి. ఇన్‌లెట్ రెండు హాట్‌లూ కాంటాక్టర్ లైన్ వైపు టెర్మినళ్లకి. లోడ్ వైపు నుంచి మొదటి హాట్ ఎస్‌ఎస్‌ఆర్ ఒకటో టెర్మినల్‌కి, రెండో టెర్మినల్ నుంచి అవుట్‌లెట్‌కి. రెండో హాట్ కాంటాక్టర్ లోడ్ వైపు నుంచి నేరుగా అవుట్‌లెట్‌కి. ఒకటి నలుపు, ఇంకోటి ఎరుపు వాడితే ఆరు నెలల తర్వాత తెరిచినా అర్థమవుతుంది. ఇండికేటర్ లైటును అవుట్‌లెట్ రెండు హాట్‌ల మధ్య కలపండి.

6.3 కంట్రోల్ దారి. కాంటాక్టర్ లైన్ వైపు ఒక్కో హాట్ నుంచి సన్న వైరు తీసి, వెంటనే 2 ఆంపుల ఫ్యూజ్ పెట్టండి. రెండు హాట్‌లకీ రెండు ఫ్యూజులు. గోడలోని 30 ఆంపుల బ్రేకర్ ఈ 18 గేజ్ వైరుని కాపాడలేదు, అందుకే ఇవి. ఫ్యూజుల తర్వాత పీఐడీకి సప్లై. కాయిల్‌కి వెళ్లే దారిలో తాళంచెవి స్విచ్, ఎమర్జెన్సీ స్టాప్ ఒకదాని తర్వాత ఒకటి. ఎమర్జెన్సీ బటన్ మామూలుగా మూసి ఉండి, నొక్కితే తెరుచుకునే కాంటాక్ట్‌దే కావాలి.

కొందరు ఎమర్జెన్సీ బటన్ నొక్కితే ఒక రెసిస్టర్ ద్వారా కరెంటు గ్రౌండ్‌లోకి లీకై జీఎఫ్‌సీఐ పడేలా చేస్తారు. తెలివిగా అనిపిస్తుంది గానీ, జీఎఫ్‌సీఐ చెడిపోయిన రోజు ఆ బటన్ కూడా పని చేయదు. కాయిల్‌ని కట్ చేసే పద్ధతిలో ఆ చిక్కు లేదు.

ఇంకో మెట్టు పైకెళ్లాలంటే, కాంటాక్టర్‌కి అదనపు కాంటాక్ట్ కొని, స్టార్ట్ బటన్‌తో లాచ్ అయ్యేలా కలపండి. కరెంటు పోయి వస్తే ఎలిమెంట్ దానంతట అది ఆన్ కాకుండా ఉంటుంది.

6.4 ఎస్‌ఎస్‌ఆర్ ఇన్‌పుట్, సెన్సర్. పీఐడీ అవుట్‌పుట్ ప్లస్ ఎస్‌ఎస్‌ఆర్ ప్లస్‌కి, మైనస్ మైనస్‌కి. ఇది చిన్న డీసీ సిగ్నల్. తారుమారైతే ఎలిమెంట్ ఆన్ కాదు. సెన్సర్ వైరుని పవర్ వైర్ల పక్కన కట్టొద్దు, అంకెలు గెంతుతాయి.

6.5 జాయింట్లు. ఇళ్లలో కాలిన ప్లగ్గులు ఎక్కువగా లూజ్ కాంటాక్ట్ వల్లే కాలతాయి. పోగుల వైరుని ఒలిచి, మెలితిప్పి స్క్రూ కింద దూర్చడం మనకి అలవాటు. 23 ఆంపులకి అది పనికిరాదు. స్క్రూ చుట్టూ తిరిగే చోట రింగ్ టెర్మినల్, రంధ్రంలో దూరే చోట ఫెర్రూల్ వేయాలి. పోగులకి సోల్డర్ పూసి స్క్రూ కింద బిగించొద్దు. వేడికి సోల్డర్ మెత్తబడి నలుగుతుంది, జాయింట్ వదులవుతుంది. బిగించాక ఒక్కో వైరునీ పట్టి లాగి చూడండి. కేబుల్ డబ్బాలోకి వచ్చే ప్రతి చోటా గ్రిప్ ఉండాలి, లాగుడు టెర్మినల్ మీద పడకూడదు.

## 7. కరెంటు ఇవ్వకముందు మీటరు పరీక్షలు

ప్లగ్ గోడకి దూరంగా ఉండగా ఇవన్నీ చేయాలి. ఒక్కటి తేడా వచ్చినా అక్కడే ఆగండి.

- ఎలిమెంట్ రెండు హాట్ పిన్నుల మధ్య: దాదాపు 10.5 ఓమ్‌లు. 4500 వాట్లదైతే 12.8.
- ఎలిమెంట్ ఒక్కో హాట్ పిన్ నుంచి దాని లోహపు ఒంటికి: ఓపెన్, అంటే మీటరు ఓఎల్ చూపాలి. ఎంత పెద్దదైనా ఏదో అంకె వచ్చిందంటే అనుమానించాలి.
- అన్ని కేబుళ్లూ కలిపి, గోడకి పెట్టే ప్లగ్ గ్రౌండ్ పిన్ నుంచి కెటిల్ ఒంటికి: ఒక ఓమ్ కంటే తక్కువ. మీటరు తీగల సొంత రెసిస్టెన్స్ తీసేసి చూడండి. కేబుల్‌ని వంచుతూ, కదుపుతూ చూడాలి. అంకె గెంతితే ఎక్కడో వదులుంది.
- అదే ప్లగ్ ఒక్కో హాట్ నుంచి గ్రౌండ్‌కి: ఓపెన్.
- రెండు హాట్‌ల మధ్య: సున్నా దగ్గరగా రాకూడదు. పీఐడీ లోపలి భాగాల వల్ల ఏదో పెద్ద అంకె రావడం మామూలే.

## 8. మొదటిసారి కరెంటు

కెటిల్‌లో నీళ్లు నింపండి, ఎలిమెంట్ పైన కనీసం రెండంగుళాలు. మాల్ట్ వద్దు, ఒట్టి నీళ్లు చాలు. నీరు లేకుండా ఆన్ చేస్తే ఎలిమెంట్ క్షణాల్లో ఎర్రబడి పోతుంది.

1. ఎలిమెంట్ ప్లగ్ పెట్టకుండా, ప్యానెల్ ఒక్కదానికే బ్రేకర్ వేయండి. జీఎఫ్‌సీఐ టెస్ట్ బటన్ నొక్కండి. పడిందా, మళ్లీ వేయండి. పడకపోతే అక్కడితో ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.
2. తాళంచెవి ఆఫ్‌లో ఉండగా, ప్యానెల్ అవుట్‌లెట్ ఒక్కో హాట్ రంధ్రం నుంచి గ్రౌండ్‌కి వోల్టులు చూడండి. రెండూ సున్నా ఉండాలి. ఒక దాంట్లో 120 వచ్చిందంటే మీ కాంటాక్టర్ ఒక పోల్‌దే. ఇంతకంటే ముఖ్యమైన పరీక్ష ఇంకోటి లేదు, ఇది దాటవేయొద్దు.
3. తాళంచెవి ఆన్ చేయండి. కాంటాక్టర్ టక్ మనాలి. ఎమర్జెన్సీ బటన్ నొక్కితే వదిలేయాలి.
4. బ్రేకర్ ఆపి ఎలిమెంట్ కలిపి, మళ్లీ వేయండి. పీఐడీని 100 శాతం పెట్టి అరగంట నడపండి.
5. ఈ అరగంటలో పది నిమిషాలకోసారి ప్లగ్గుల వెనక భాగాలనీ కేబుల్‌నీ బయటినుంచి తడిమి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడుంటే ఆపేసి, ఆ జాయింట్ విప్పి మళ్లీ చేయాలి.

మొదటి రెండు మూడు బ్యాచ్‌ల తర్వాత డబ్బా తెరిచి స్క్రూలన్నీ ఇంకోసారి బిగించాలి. పోగుల వైరు కొంత సర్దుకుంటుంది. తెరిచే ముందు ప్లగ్ పీకడం తప్పనిసరి, బ్రేకర్ ఆపితే చాలదు.

## 9. కాచే రోజు చెక్‌లిస్ట్

- ప్యానెల్ కెటిల్ కంటే ఎత్తులో, పక్కగా. ఆవిరి నేరుగా తగలకూడదు.
- కేబుల్ ప్లగ్ దగ్గరికి వచ్చే ముందు కిందకి వేలాడి పైకి లేవాలి. కారిన నీరు అక్కడే జారి పడిపోతుంది.
- జీఎఫ్‌సీఐ టెస్ట్ బటన్, ప్రతి బ్యాచ్‌కీ.
- ఎక్స్‌టెన్షన్ తీగలు వద్దు.
- పొడి చేతులు, కాళ్లకి చెప్పులు. గరాజ్ కాంక్రీటు మీద వట్టి కాళ్లతో నిలబడి కలపొద్దు.
- గరిటె పెట్టి కలిపే ముందు, గింజల సంచి ఎత్తే ముందు కాంటాక్టర్ ఆఫ్. ఎస్‌ఎస్‌ఆర్ ఆఫ్ చాలదు.
- సంచి ఎలిమెంట్ మీద ఆనకుండా అడుగున జల్లెడ పలక.
- వోర్ట్ ఖాళీ చేసే ముందు బ్రేకర్ ఆఫ్, ప్లగ్ బయటికి.
- ఇంటి లోపలైతే ఆవిరి బయటికి పోయే ఫ్యాన్.

కడిగేటప్పుడు ఎలిమెంట్ వెనక వైపు హోస్ పైపుతో కొట్టొద్దు. లోపల అంటుకున్న పొర గీకడం కంటే, శుభ్రపరిచే పౌడరు కలిపిన వేడి నీళ్లలో నానబెడితే సులువుగా వస్తుంది.

## 10. తేడాలొస్తే

బ్రేకర్ వేయగానే జీఎఫ్‌సీఐ పడుతోంది. ఎలిమెంట్ ప్లగ్ తీసి వేసి చూడండి. అప్పుడు నిలబడితే తప్పు ఎలిమెంట్‌ది లేదా దాని కేబుల్‌ది. అప్పుడూ పడితే ప్యానెల్ లోపల తేమ, లేదా ఎక్కడో ఒలిచిన వైరు డబ్బాకి తగులుతోంది. స్పా ప్యానెల్ ఉంటే ఆ తెల్ల వైరు ఎక్కడ కలిసిందో చూడండి.

చాలా నెలలు వాడని ఎలిమెంట్‌తో పడుతోంది. లోపలి మెగ్నీషియం ఆక్సైడ్ పొడి గాలిలోని తేమ పీల్చుకుంటుంది. ఓవెన్‌లో ఆరబెట్టి వాడేవాళ్లున్నారు. నేనైతే కొత్తది కొంటాను. ఏదేమైనా, పడుతోంది కదా అని జీఎఫ్‌సీఐ తీసేసి మామూలు బ్రేకర్ పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా వినొద్దు.

పీఐడీ ఆఫ్ చూపుతున్నా వేడి ఆగడం లేదు. ఎస్‌ఎస్‌ఆర్ ఆన్‌లో ఇరుక్కుంది. తాళంచెవి తిప్పి కాంటాక్టర్ ఆపండి, ఎస్‌ఎస్‌ఆర్ మార్చండి. థర్మల్ పేస్ట్ వేయకపోవడం, హీట్ సింక్ చిన్నది కావడం ఇందుకు ఎక్కువగా కారణం.

ఇండికేటర్ లైటు మసగ్గా వెలుగుతోంది, వేడి లేదు. ఎస్‌ఎస్‌ఆర్ ఆఫ్‌లో కూడా కొన్ని మిల్లీ ఆంపులు వదులుతుంది. ఎలిమెంట్ కలపకుండా చూస్తే ఎల్‌ఈడీ దానికే వెలుగుతుంది. మీటరు కూడా అలాగే తప్పుదారి పట్టిస్తుంది. ఎలిమెంట్ కలిపాక ఆరిపోవాలి. అయినా వెలుగుతుంటే ఎలిమెంట్ తెగి ఉండొచ్చు, ప్లగ్ పీకి ఓమ్‌లు చూడండి.

వేడెక్కుతోంది గానీ గంటలు పడుతోంది. 240 వోల్టుల ఎలిమెంట్‌కి 120 ఇస్తే సగం కాదు, నాలుగో వంతు వాట్లే వస్తాయి. 5500 కాస్తా 1375 అవుతుంది. న్యూట్రల్‌ని పొరపాటున రెండో హాట్ స్థానంలో కలిపారేమో చూడండి.

ప్లగ్ పిన్ నల్లబడింది. గీకి మళ్లీ వాడొద్దు. ప్లగ్‌నీ, అది దూరే సాకెట్‌నీ రెండింటినీ మార్చాలి. ఒకటే మారిస్తే పాతదానిలోని వదులైన స్ప్రింగ్ కొత్తదాన్నీ కాలుస్తుంది. కేబుల్ చివర రాగి కూడా నల్లబడి ఉంటే, మెరిసే రాగి కనబడేదాకా కోసి, కొత్త టెర్మినల్ వేయండి.